ఎమ్మారై చిత్రానికి కొలత ఏది?

తాండూరు చుట్టుపక్కల నాపరాయి గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో ఏళ్ల తరబడి బండలెత్తిన మనిషికి నడుము పట్టేసి, కాలు లాగి, తిమ్మిరెక్కితే డాక్టరు రాసేది నడుము ఎమ్మారై. వెన్నుపూసకు క్షయ సోకిందన్న అనుమానం వచ్చినా, పిల్లాడికి ఫిట్స్ వచ్చినా, ఇంట్లో పెద్దాయనకు ఒకవైపు చచ్చుబడినా చివరికి చేరేది ఆ యంత్రం దగ్గరికే. పెద్ద వైద్యమంటే హైదరాబాద్ దారే. వికారాబాద్ నుంచి సుమారు 75 కిలోమీటర్లు, తాండూరు నుంచి ఇంకా దూరం. ఇంత చేసి తెచ్చుకున్న ఫిల్ములు చూసి డాక్టరు "ఇది సరిగా రాలేదు, మళ్లీ తీయించండి" అంటే ఆ ఇంటికి ఇంకో రోజు కూలి పోతుంది, ఇంకో ఫీజు నెత్తిన పడుతుంది.

"సరిగా రాలేదు" అన్నది కంటితో చెప్పే తీర్పు. దాన్ని అంకెల్లోకి తేవడం ఎలాగన్న ప్రశ్న మీద భౌతిక శాస్త్రవేత్తలు, రేడియాలజిస్టులు 40 ఏళ్లకు పైగా పనిచేస్తున్నారు. వాళ్లు తేల్చిందేమిటి, ఇంకా తేలాల్సిందేమిటి, అందులో మన జిల్లాలో అమలు చేయగలిగిందేమిటి అన్నదే ఈ సమీక్ష. చిత్రం నున్నగా, అందంగా ఉండటం నాణ్యత కాదు. యంత్రం మీద రాసి ఉన్న టెస్లా అంకె, అంటే అయస్కాంత క్షేత్ర బలం, కూడా నాణ్యత కాదు. డాక్టరు అడిగిన ప్రశ్నకు నమ్మదగిన జవాబు ఇవ్వగలిగితేనే అది నాణ్యత. ఆ శక్తి యంత్రంలో ఈ వారం ఉందో లేదో కొలిస్తే తప్ప తెలియదు.

సిగ్నల్ ఎందుకంత సన్నం?

ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలే ఎమ్మారైకి ముడిసరుకు. అయస్కాంత క్షేత్రంలో ఇవి రేడియో తరంగాలకు స్పందిస్తాయని 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ విడివిడిగా చూపించారు. ఆ స్పందనతో బొమ్మ తీయొచ్చని 1973లో పాల్ లాటర్‌బర్ నిరూపించాడు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానికి గణితాన్ని, వేగాన్ని సమకూర్చాడు. వీళ్లిద్దరికీ 2003లో నోబెల్ వచ్చింది.

ఈ స్పందన చాలా బలహీనమైనది. క్షేత్రంలో కేంద్రకాలు కొన్ని క్షేత్రం దిశలో, కొన్ని దానికి ఎదురుగా నిలుస్తాయి. 1.5 టెస్లా యంత్రంలో, శరీర ఉష్ణోగ్రత దగ్గర, ఈ రెండు గుంపుల మధ్య తేడా 10 లక్షల కేంద్రకాలకు దాదాపు 5 మాత్రమే. మిగతావన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలిన ఆ కొద్దిపాటి అయస్కాంతత్వం సెకనుకు సుమారు 6.39 కోట్ల సార్లు, అంటే 63.9 మెగాహెర్ట్జ్ వేగంతో తిరుగుతూ, ఒంటికి దగ్గరగా పెట్టిన కాయిల్‌లో అతి స్వల్పమైన వోల్టేజిని పుట్టిస్తుంది. చిత్రమంతా దాన్నుంచే రావాలి. ఎమ్మారైలో నాణ్యత అనగానే ముందు నాయిస్ గురించి మాట్లాడేది అందుకే.

నాయిస్ ఎక్కడి నుంచి వస్తుంది?

స్కాన్ జరుగుతున్నప్పుడు వినిపించే టకటక చప్పుడు వేరు. అది 100 డెసిబెల్స్ దాటొచ్చు కాబట్టి చెవులకు రక్షణ పెడతారు. చిత్రంలో గరుకు గరుకుగా, ఇసుక చల్లినట్టు కనిపించేది మరో రకం నాయిస్. దాని మూలం ఉష్ణం. వేడి ఉన్న ప్రతి వాహకంలోనూ ఎలక్ట్రాన్లు గందరగోళంగా కదులుతూ చిన్న వోల్టేజిని పుట్టిస్తాయని 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ కొలిచి చూపాడు, నైక్విస్ట్ లెక్కగట్టాడు. ఉప్పునీటితో నిండిన మన శరీరం కూడా వాహకమే. హౌల్ట్, రిచర్డ్స్ 1976లోనూ, హౌల్ట్, లాటర్‌బర్ 1979లోనూ వేసిన లెక్కలు ఈ రంగానికి పునాది. 1.5 టెస్లా, అంతకు మించిన క్షేత్రాల్లో నాయిస్‌లో ఎక్కువ వాటా రోగి ఒంటి నుంచే వస్తుంది.

అందుకే కాయిల్‌కు అంత ప్రాధాన్యం. కాయిల్ ఎంత ఎక్కువ శరీరాన్ని "చూస్తే" అంత ఎక్కువ నాయిస్‌ను మోసుకొస్తుంది. చిన్న కాయిల్‌ను భాగానికి దగ్గరగా పెడితే సిగ్నల్ పెరుగుతుంది, నాయిస్ తగ్గుతుంది, కానీ కనిపించే మేర చిన్నదైపోతుంది. రోమర్ బృందం 1990లో చిన్న కాయిల్స్‌ను వరుసగా పేర్చి, ఒకదానికొకటి అడ్డుపడకుండా కలిపి, ఈ చిక్కును విప్పింది. వాళ్లు చూపించిన నమూనా నాలుగు కాయిల్స్ ఉన్న వెన్నెముక కాయిల్. ఈరోజు నడుము ఎమ్మారైకి వెళ్లిన ప్రతి మనిషి వీపు కింద ఉండేది దాని వారసురాలే.

ఇక్కడ టెక్నీషియన్ చేతిలో ఉండే రెండు సూత్రాలున్నాయి. మొదటిది, సిగ్నల్ వాక్సెల్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. వాక్సెల్ అంటే చిత్రంలోని ఒక్కో చుక్క ప్రాతినిధ్యం వహించే చిన్న దిమ్మె. రెండోది, ఎక్కువసేపు స్కాన్ చేస్తే సిగ్నల్–నాయిస్ నిష్పత్తి సమయానికి వర్గమూలంగానే పెరుగుతుంది. నిష్పత్తి రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల సమయం పెట్టాలి. మిగతావన్నీ అలాగే ఉంచి, 1 మిల్లీమీటరు చుక్కను రెండు వైపులా అర మిల్లీమీటరుకు తగ్గిస్తే సిగ్నల్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ నష్టాన్ని సమయంతోనే పూడ్చాలంటే 16 రెట్లు పడుతుంది. నడుము నొప్పితో వెల్లకిలా పడుకోలేని మనిషిని అంతసేపు కదలకుండా ఉంచలేం. వివరం, సమయం, నాయిస్ మధ్య ప్రతి స్కాన్‌లోనూ బేరం జరుగుతూనే ఉంటుంది.

ఎస్‌ఎన్‌ఆర్‌ను కొలిచే దారులు

సిగ్నల్–నాయిస్ నిష్పత్తిని ఈ రంగంలో ఎస్‌ఎన్‌ఆర్ అంటారు. చెప్పడానికి సులువు: సిగ్నల్ సగటును నాయిస్ ప్రామాణిక విచలనంతో భాగించడమే. చిక్కంతా నాయిస్‌ను ఎక్కడ, ఎలా కొలవాలన్న దగ్గరే ఉంది.

పాత పద్ధతిలో ఒక్క చిత్రం చాలు. తల లోపల ఒక చోట సిగ్నల్ కొలిచి, బయట గాలి ఉన్న నల్లటి మూలలో విచలనం కొలుస్తారు. కానీ తెర మీద కనిపించేది పరిమాణ చిత్రం. అందులో రుణ విలువలుండవు. అందువల్ల గాలిలోని నాయిస్ సున్నాకు అటూ ఇటూ కాకుండా ఒకే వైపు పేరుకుంటుంది. రేడియో సిగ్నళ్ల మీద రైస్ 1940ల్లో రాసిన గణితాన్ని ఎమ్మారైకి వర్తింపజేస్తూ హెంకెల్‌మన్ 1985లో, గుడ్బ్యార్ట్‌సన్, పాట్జ్ 1995లో ఈ సంగతిని స్పష్టం చేశారు. ఒకే కాయిల్ ఉన్నప్పుడు గాలిలో కొలిచిన విచలనం అసలు నాయిస్‌లో 0.655 వంతే. దాన్ని 0.655తో భాగించి సరిచేయాలి. కాయిల్స్ పెరిగేకొద్దీ ఈ సంఖ్య 0.7 వైపు జరుగుతుందని కాన్‌స్టాంటినిడీస్ బృందం 1997లో చూపింది.

అమెరికాలో పరికరాల తయారీదార్ల సంఘం నెమా తన ఎంఎస్-1 ప్రమాణంలో పెట్టిన పద్ధతి ఇంతకంటే గట్టిది. రోగికి బదులుగా పెట్టే, ద్రవం నింపిన పరీక్ష డబ్బాను ఫాంటమ్ అంటారు. ఒకే ఫాంటమ్‌ను, ఏమీ కదపకుండా, ఒకే అమరికతో వెంటవెంటనే రెండుసార్లు స్కాన్ చేయాలి. రెండో చిత్రాన్ని మొదటి దాన్నుంచి తీసేస్తే సిగ్నల్ పోయి నాయిస్ మిగులుతుంది. ఆ తేడా చిత్రంలోని విచలనాన్ని 1.414తో భాగిస్తే అసలు నాయిస్ వస్తుంది.

ఉదాహరణకు ఒక ఉదయం చేసిన వారపు పరీక్ష లెక్క చూద్దాం. ఫాంటమ్‌ను హెడ్ కాయిల్‌లో పెట్టి, లోపలి ద్రవం ఊగడం ఆగేదాకా కాసేపు ఉంచి, రెండుసార్లు స్కాన్ చేశారు. మధ్యభాగంలో సగటు సిగ్నల్ 1200. తేడా చిత్రంలో విచలనం 17. 1.414తో భాగిస్తే నాయిస్ 12, ఎస్‌ఎన్‌ఆర్ 100. అదే చిత్రంలో గాలి మూలన కొలిస్తే విచలనం 7.9 వస్తుంది. 0.655తో సరిచేస్తే మళ్లీ 12. సరిచేయడం మరిచి 1200ని నేరుగా 7.9తో భాగించిన వాళ్లకు మాత్రం ఎస్‌ఎన్‌ఆర్ 152గా తేలుతుంది. యంత్రం అదే, చిత్రం అదే, అంకె ఒకటిన్నర రెట్లు. అందుకే ఏ పద్ధతిలో కొలిచారో రాయని ఎస్‌ఎన్‌ఆర్‌కు విలువ లేదు. ఈనెల 100, వచ్చేనెల 80 అని పోల్చాలంటే పద్ధతి, కాయిల్, ఫాంటమ్, అమరిక అన్నీ ఒకటే ఉండాలి.

ఒకవైపు పేరుకునే ఈ నాయిస్ బొమ్మను గరుకు చేయడంతో ఆగదు. డిఫ్యూజన్ స్కాన్‌లో సిగ్నల్‌ను కావాలనే తగ్గించుకుంటూ పోయి, ఆ తగ్గుదల నుంచి కణజాలంలో నీటి కదలికను లెక్కగడతారు. సిగ్నల్ నాయిస్ అట్టడుగుకు చేరాక ఇక కిందికి దిగదు. అప్పుడు నీటి కదలిక అసలు కంటే తక్కువగా తేలుతుంది. పక్షవాతంలోనూ గడ్డల్లోనూ డాక్టరు చూసేది ఆ తక్కువనే. కాబట్టి నాయిస్‌ను కొలవకుండా ఆ అంకెను నమ్మలేం.

ఒక్క అంకె చాలదు

ఎస్‌ఎన్‌ఆర్ బాగున్నంత మాత్రాన చిత్రం బాగున్నట్టు కాదు. వంకరగా, మసకగా, నీడలతో వచ్చిన బొమ్మకు కూడా మంచి ఎస్‌ఎన్‌ఆర్ ఉండొచ్చు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వాళ్ల ఫాంటమ్ పరీక్షలు దీన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందాయి. అది లోపలి వ్యాసం 190, పొడవు 148 మిల్లీమీటర్లున్న గుండ్రని డబ్బా. అందులో నికెల్ క్లోరైడ్, ఉప్పు కలిపిన నీళ్లుంటాయి. ఉప్పు వల్ల ఆ నీళ్లు మన ఒంటిలా విద్యుత్తును పారనిచ్చి, కాయిల్‌ మీద మనిషి ఉన్నంత భారం మోపుతాయి.

దానితో ఏడు పరీక్షలు చేస్తారు. తెలిసిన పొడవు చిత్రంలోనూ అంతే వస్తోందా? 1.1, 1.0, 0.9 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రంధ్రాలు విడివిడిగా కనిపిస్తున్నాయా? స్లైసు మందం అడిగినంతే ఉందా? అడిగిన చోటే పడుతోందా? వెలుగు అంతటా సమానంగా ఉందా? బొమ్మ నీడ పక్కన మళ్లీ పడుతోందా? చివరిది అన్నిటికంటే ముఖ్యమైనది: నేపథ్యంతో 1.4, 2.5, 3.6, 5.1 శాతం మాత్రమే తేడా ఉన్న చిన్న చిన్న వృత్తాల్లో ఎన్నింటిని కన్ను పట్టగలుగుతోంది? నాలుగు స్లైసుల్లో పదేసి చొప్పున 40 వరుసలుంటాయి. ఇందులో స్కోరు పడిపోయిందంటే కాలేయంలో, మెదడులో అంత సన్నని తేడాతో ఉండే మచ్చ కూడా తప్పిపోతుందన్నమాట.

ఈ చివరి పరీక్ష వెనకున్న ఆలోచన ఆల్బర్ట్ రోజ్‌ది. ఒక వస్తువును నమ్మకంగా గుర్తించాలంటే దాని సిగ్నల్ నాయిస్ కంటే దాదాపు 5 రెట్లుండాలని ఆయన టీవీ కెమెరాల కాలంలోనే తేల్చాడు. రెండు కణజాలాల మధ్య తేడాను నాయిస్‌తో భాగించే కాంట్రాస్ట్–నాయిస్ నిష్పత్తి అక్కడి నుంచే వచ్చింది. నడుము స్కాన్‌లో నరానికి, పక్కనున్న డిస్కుకు మధ్య గీత తెలుస్తోందా అన్నదే ప్రశ్న అయినప్పుడు ఈ నిష్పత్తే ఎస్‌ఎన్‌ఆర్ కంటే ఎక్కువ చెబుతుంది.

యంత్రం చుట్టూ ఉన్న ఊరు

ఫ్యాక్టరీలో కొలిచిన నాణ్యత ఊళ్లోకి వచ్చాక అలాగే నిలబడుతుందన్న హామీ లేదు. వికారాబాద్, తాండూరు రెండూ 1874లో వేసిన వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం మీదున్న పట్టణాలు. వికారాబాద్ జంక్షన్. పర్లీ వైపు మార్గం అక్కడే చీలుతుంది. కదిలే పెద్ద ఇనుప రాశి అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా కదుపుతుంది. విద్యుత్ రైలు మార్గంలో పారే కరెంటుకూ ఆ శక్తి ఉంది. అందుకే స్కానర్ గది కట్టే ముందు పట్టాలు, రోడ్లు, లిఫ్టులు, ట్రాన్స్‌ఫార్మర్లు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి చూస్తారు. తాండూరులో దీనికి తోడు బండల లారీలు, సిమెంటు లారీలు, గనుల్లో పేలుళ్లు ఉన్నాయి. నేల కంపిస్తే చిత్రంలో నీడలు పడతాయి. ఇక్కడ స్థలం ఎంపికకు ముందు కంపన సర్వే తప్పనిసరి కావాలి.

రేడియో తరంగాల సంగతి వేరు. వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండంలో నౌకాదళ వీఎల్‌ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. వీఎల్‌ఎఫ్ అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్. 1.5 టెస్లా ఎమ్మారై వినేది 63.9 మెగాహెర్ట్జ్ దగ్గర. ఈ రెంటి మధ్య రెండు వేల రెట్లకు పైగా తేడా ఉంది, కాబట్టి ఆ తరంగాలు స్కానర్ వినే చోట పడవు. మనం వినే ఎఫ్‌ఎం రేడియో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది, అంటే 1.5, 3 టెస్లా యంత్రాల పౌనఃపున్యాల నడుమ. స్కానర్ గది చుట్టూ రాగి కవచం వేసేది ఇలాంటి తరంగాలు లోపలికి రాకూడదనే. మంచి కవచం 90–100 డెసిబెల్స్ వరకు ఆపుతుంది. 100 డెసిబెల్స్ అంటే బయటి శక్తిలో వెయ్యి కోట్లలో ఒక వంతే లోపలికి చేరుతుంది. చిత్రం మీద జిప్పులా అడ్డంగా గీత పడిందంటే ముందు వెతకాల్సింది గది తలుపు అంచున అరిగిన రాగి పట్టీల్లో, కొత్తగా బిగించిన ఎల్‌ఈడీ లైటులో, లోపలికి తెచ్చిన మానిటర్‌లో.

ఎండాకాలపు పొడిగాలి మరో సమస్య. గదిలో తేమ మరీ తగ్గితే స్థిర విద్యుత్ చిటపటలు పుడతాయి. అలాంటి ఒక్క చిటపట చాలు, చిత్రమంతా చారలు పడటానికి. వదులైన స్క్రూ కూడా అదే పని చేస్తుంది. ఇక కరెంటు. మామూలు సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. కరెంటు పోయి, దాన్ని చల్లగా ఉంచే చిల్లర్ ఆగిపోయి, అలాగే వదిలేస్తే హీలియం ఆవిరవుతూ పోతుంది. ఏసీ, తేమ, చిల్లర్ రీడింగులను రోజూ రాసే పుస్తకం కూడా చిత్ర నాణ్యతలో భాగమే.

అన్నిటికంటే ఎక్కువ బొమ్మలు పాడయ్యేది మాత్రం కదలిక వల్లే. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో ఆండ్రే బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 5 పరీక్షలకు ఒకదానిలో ఏదో ఒక సీక్వెన్స్‌ను, అంటే ఒక విడత చిత్రాలను, మళ్లీ తీయాల్సి వచ్చింది. నొప్పి ఉన్న రోగికి డాక్టరు సలహాతో ముందే మాత్ర ఇవ్వడం, మోకాళ్ల కింద దిండు పెట్టడం, ఎంతసేపు పడుతుందో తెలుగులో విడమరిచి చెప్పడం ఏ ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కూ తీసిపోని నాణ్యతా చర్యలు.

వేగం, నునుపు, ఏఐ

స్కాన్ సమయం తగ్గించాలన్న తపన ఈ రంగాన్ని పాతికేళ్లుగా నడిపిస్తోంది. సోడిక్సన్ 1997లో, ప్రూస్‌మన్ 1999లో, గ్రిస్‌వోల్డ్ 2002లో చూపిన సమాంతర ఇమేజింగ్ పద్ధతులు చాలా కాయిల్స్ ఇచ్చే సమాచారాన్ని వాడుకుని తక్కువ కొలతలతోనే బొమ్మ కడతాయి. అయితే వేగం రెట్టింపు చేస్తే ఎస్‌ఎన్‌ఆర్ కనీసం 0.71 వంతుకు తగ్గుతుంది. దాని మీద కాయిల్ అమరికను బట్టి జీ ఫ్యాక్టర్ అనే మరో కోత పడుతుంది. పైగా ఆ నాయిస్ చిత్రమంతటా ఒకేలా ఉండదు, మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. గాలి మూలలో కొలిచిన నాయిస్ ఇక బొమ్మ మధ్యకు వర్తించదు. డీట్రిచ్ బృందం 2007లో ఈ సంగతిని వివరంగా కొలిచి చూపింది. ఆధునిక యంత్రాల్లో పాత ఒక్క-చిత్రం పద్ధతిని వదిలేయాల్సింది అందుకే.

ఏఐ రాకతో ప్రశ్న ఇంకా కఠినమైంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ ఏఐ కలిసి 2018లో మొదలుపెట్టిన ఫాస్ట్‌ఎమ్మారై వేల స్కాన్ల ముడి సమాచారాన్ని అందరికీ తెరిచింది. మోకాలి స్కాన్లలో ఏఐతో వేగంగా తీసిన చిత్రాలు మామూలు వాటికి బదులుగా పనికొస్తాయని తర్వాతి అధ్యయనాలు చూపాయి. ఇది నిజమైన లాభం. కదలలేని రోగికి తక్కువ సమయం, సెంటర్‌కు రోజుకు ఎక్కువ మంది. కానీ 2020 ఫాస్ట్‌ఎమ్మారై పోటీ ఫలితాల్లోనే, కొన్ని పద్ధతులు శరీరంలో లేని రూపాలను కల్పించాయని నమోదైంది. మంచి స్కోరు వచ్చిన చిత్రాల్లో కూడా చిన్న గాయం తుడిచిపెట్టుకుపోవచ్చు. పోలిక స్కోర్లు చిత్రమంతటినీ సగటు చేస్తాయి. రోగి భవిష్యత్తు మాత్రం నాలుగు చుక్కల్లో ఉంటుంది.

నునుపు మీద నమ్మకం ప్రమాదమయ్యేది ఇక్కడే. ఏఐ నాయిస్‌ను తుడిచాక రెండు చిత్రాల తేడా పద్ధతిలో కొలిస్తే ఎస్‌ఎన్‌ఆర్ బ్రహ్మాండంగా వస్తుంది, కానీ ఆ అంకె సమాచారం పెరిగిందని చెప్పదు. కాబట్టి వారం వారం కొలిచేటప్పుడు ఏఐని ఆపి కొలవాలి. ఏఐ పెట్టిన అమరికకు సన్నని తేడాల పరీక్ష, తెలిసిన జబ్బులున్న కేసుల మీద రేడియాలజిస్టుల పోలిక విడిగా జరగాలి. ఏఐతో తీసిన చిత్రమని రిపోర్టులో రాయాలి.

ఎక్కువ టెస్లా, తక్కువ టెస్లా

"3 టెస్లా" అన్న బోర్డు ఇప్పుడు డయాగ్నొస్టిక్ సెంటర్లకు పెద్ద ఆకర్షణ. 1.5 నుంచి 3కు వెళ్తే ఎస్‌ఎన్‌ఆర్ సిద్ధాంతం ప్రకారం దాదాపు రెట్టింపవుతుంది. చిన్న కీళ్లకు, మెదడులోని సన్నని వివరాలకు అది నిజంగా ఉపయోగం. కానీ వెన్నులో స్క్రూలు, రాడ్లు వేయించుకున్న మనిషికి లోహం చుట్టూ వచ్చే వంకరలు క్షేత్రంతో పాటే పెరుగుతాయి. అతనికి 1.5 టెస్లానే మేలు.

అవతలి వైపు, 0.55 టెస్లా యంత్రాలు, 0.064 టెస్లా హైపర్‌ఫైన్ బండి యంత్రం, హాంకాంగ్ విశ్వవిద్యాలయం 2024లో 'సైన్స్' పత్రికలో చూపిన 0.05 టెస్లా పూర్తి శరీర స్కానర్ ఉన్నాయి. ఈ చివరిది మామూలు గోడ ప్లగ్గుతో, 1800 వాట్ల లోపు, రాగి గది లేకుండా నడుస్తుంది. క్షేత్రం తగ్గించకుండానే బెంగళూరులోని వోక్సెల్‌గ్రిడ్స్ 2023లో తేలికైన 1.5 టెస్లా దేశీయ స్కానర్‌ను తెచ్చింది. జిల్లా ఆసుపత్రులకు ఇవి ఆశాజనకం. అయితే తక్కువ క్షేత్రంలో సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి చిత్రం లెక్కల మీద, ఏఐ మీద ఎక్కువగా ఆధారపడుతుంది. తక్కువ క్షేత్రపు యంత్రం తాండూరుకు వస్తే స్వాగతించాలి. ఏ ప్రశ్నకు అది సరిపోతుందో, ఏ ప్రశ్నకు హైదరాబాద్ పంపాలో ముందే కొలిచి రాసిపెట్టుకోవాలి.

యంత్రం మారితే చిత్రం ఎంత మారుతుందన్నది హైదరాబాద్ పరిశోధకులకు బాగా తెలిసిన సంగతి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో జయంతి శివస్వామి బృందం 2019లో 100 మంది ఆరోగ్యవంతుల స్కాన్లతో భారతీయ మెదడు అట్లాస్‌ను రూపొందించినప్పుడు, యంత్రానికి యంత్రానికి ఉండే తేడా ఫలితాన్ని పక్కదారి పట్టించకుండా మూడు ఆసుపత్రుల్లోని మూడు స్కానర్ల చిత్రాలను తీసుకున్నారు. భారతీయుల మెదడు సగటున పాశ్చాత్యుల మెదడు కంటే చిన్నదని అందులో తేలింది. పరిశోధనలో పాటించిన ఆ జాగ్రత్త రోజువారీ వైద్యంలోకి రావాలి.

చదివే కళ్లు

యంత్రం బాగున్నా చివరికి చదివేది మనిషి. హెర్జోగ్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, నడుము నొప్పి, కాలు లాగడం ఉన్న 63 ఏళ్ల మహిళకు మూడు వారాల్లో పది వేర్వేరు సెంటర్లలో ఎమ్మారై తీశారు. రిపోర్టులన్నీ కలిపి 49 వేర్వేరు లోపాలను పేర్కొన్నాయి. వాటిలో ఒక్కటి కూడా పది రిపోర్టుల్లోనూ కనిపించలేదు. నాణ్యతను యంత్రం దగ్గరే ఆపకుండా రిపోర్టు దాకా కొలవాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. చిత్రం కదలిక వల్ల పరిమితమైందనో, ఫలానా స్థాయి దగ్గర నరం స్పష్టంగా లేదనో రిపోర్టులో రాయడం బలహీనత కాదు. ఆ ఒక్క వాక్యం తర్వాతి డాక్టరును తప్పుదారి పట్టకుండా కాపాడుతుంది.

చట్టం ఎక్కడ ఆగింది

తాండూరు మార్కెట్ యార్డులో కందులు తూచే కాటాకు తూనికలు కొలతల శాఖ గడువు ప్రకారం పరీక్ష చేసి ముద్ర వేయాలి. ముద్ర లేని కాటా మీద తూస్తే శిక్ష ఉంది. అదే ఊరి రైతు వెన్నెముకను చూసే ఎమ్మారైకి మాత్రం అలాంటి గడువు ముద్ర లేదు. ఎక్స్‌రే, సీటీ యంత్రాలు రేడియేషన్‌తో పనిచేస్తాయి కాబట్టి అణుశక్తి నియంత్రణ మండలి వాటికి లైసెన్సులు, నాణ్యతా పరీక్షలు విధిస్తుంది. ఎమ్మారైలో ఆ రేడియేషన్ లేదు కాబట్టి మండలి పరిధిలోకి రాదు. వైద్య పరికరాల నిబంధనలు దిగుమతిని, అమ్మకాన్ని చూస్తాయి. ఇమేజింగ్ సెంటర్లకు ఆసుపత్రుల గుర్తింపు బోర్డు ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉంది కానీ అది స్వచ్ఛందం.

అమెరికా ఈ ఖాళీని డబ్బు ద్వారా పూడ్చింది. 2008లో చేసిన చట్టం ప్రకారం 2012 జనవరి 1 నుంచి గుర్తింపు లేని సెంటర్‌కు ఎమ్మారై మీద అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ డబ్బు చెల్లించదు. గుర్తింపు నిలవాలంటే టెక్నాలజిస్టు కనీసం వారానికోసారి ఫాంటమ్ పరీక్ష చేయాలి, భౌతిక శాస్త్రవేత్త ఏటా పూర్తి పరీక్ష చేయాలి. మన దగ్గర కూడా ప్రభుత్వ పథకాలు ఎమ్మారైకి డబ్బు చెల్లిస్తున్న చోట ఇదే షరతు పెట్టొచ్చు.

జిల్లాలో చేయగలిగినవి

వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. జిల్లాలో, చుట్టుపక్కల ఎక్కడ ఎమ్మారై ఉన్నా, కొత్తగా వచ్చినా, నాలుగు పనులు వెంటనే మొదలుపెట్టొచ్చు.

మొదటిది, యంత్రం కొనేటప్పుడు, లేదా ప్రైవేటు భాగస్వామ్యంలో పెట్టేటప్పుడు టెండరులోనే కాయిల్‌వారీ ఎస్‌ఎన్‌ఆర్, ఏడు ఫాంటమ్ పరీక్షల ఫలితాలను రాయించుకోవాలి. అప్పగించిన రోజు కొలిచిన అంకెలే తర్వాత అన్నిటికీ ఆధారం. రెండోది, వారానికోసారి ఫాంటమ్ పరీక్ష. వెన్నెముక కాయిల్‌లో ఒక భాగం చచ్చిపోయినా బొమ్మ పైకి బాగానే కనిపించొచ్చు, కానీ ఎస్‌ఎన్‌ఆర్ పడిపోయినట్టు అంకె చెబుతుంది. ఎక్కువగా వాడే కాయిల్ కేబులే మొదట దెబ్బతింటుంది. గనుల ప్రాంతంలో అది నడుము కాయిలే. మూడోది, మెడికల్ కాలేజీ రేడియాలజీ విభాగం జిల్లాకంతటికీ ఒకే లాగ్‌బుక్ నడిపి, మళ్లీ తీయాల్సి వచ్చిన స్కాన్లకు కారణాలు రాయాలి. కదలికా, నాయిస్సా, కాయిలా, తప్పు ప్రోటోకాలా అన్నది తెలిస్తే సగం బాగుచేసినట్టే. నాలుగోది, రోగికి ఫిల్ముతో పాటు అసలు డిజిటల్ చిత్రాలున్న సీడీ ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ఫిల్మును ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే యంత్రం కష్టపడి పట్టిన సన్నని తేడాలన్నీ పోతాయి. సీడీ ఉంటే హైదరాబాద్‌లో రెండో డాక్టరు దాన్నే చూస్తాడు, మళ్లీ స్కాన్ తప్పుతుంది.

రోగులు అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఒంట్లో లోహం ఏమైనా ఉంటే ముందే చెప్పాలి. పడుకోవడం కష్టమైతే దాచకూడదు. సీడీ అడిగి తీసుకోవాలి. ఎన్ని టెస్లాలు అన్న ప్రశ్న కంటే, ఈ యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారన్న ప్రశ్న ముఖ్యం.

సైన్సు వైపు నుంచి తేలాల్సింది ఇంకా ఉంది. ఏఐ తీర్చిదిద్దిన చిత్రంలో నిజమెంత, తుడుపెంత అన్నదాన్ని కొలిచే, అందరూ ఒప్పుకునే ప్రమాణం ఇంకా ఏర్పడాలి. కానీ వారానికోసారి ఒక డబ్బాను రెండుసార్లు స్కాన్ చేసి, తీసివేసి, భాగించి, పుస్తకంలో రాయడానికి ఏ కొత్త పరిశోధనా అక్కర్లేదు. ఆ పద్ధతి దశాబ్దాలుగా సిద్ధంగా ఉంది, ఖర్చు కొద్ది నిమిషాలే. రోజు కూలి వదులుకుని వచ్చి ఆ బల్ల మీద పడుకునే మనిషికి మొదటిసారే సరైన చిత్రం అందాలి. అది అతని హక్కని ప్రభుత్వం నిబంధనగా రాయాలి, ప్రతి సెంటరూ దాన్ని తన లాగ్‌బుక్‌తో నిరూపించాలి.